కోళ్ల షెడ్డు డాక్యుమెంటరీకి కాగితం, పెన్సిలు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో మీరంతా కూర్చుని ఆహార పరిశ్రమ మీద తీసిన డాక్యుమెంటరీలు వరసగా చూడబోతున్నారని తెలిసింది. చూడండి. కంచంలోకి వచ్చేది ఎక్కణ్ణుంచి వస్తోందని అడగడం మంచి బుద్ధి. కాకపోతే ఈ చిత్రాల్లో చాలావాటికి ఒక లోటుంది. అరగంటలో కడుపులో తిప్పేలా చేస్తాయి గానీ, మన కోపం ఎవరి మీద, దేని మీద ఉండాలో తేల్చకుండానే ముగిసిపోతాయి. వారం తిరిగేసరికి ఆ కోపం చల్లారుతుంది, లేదంటే తప్పుడు చోట అతుక్కుంటుంది. అందుకే పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. తెర మీద కనిపించే ప్రతిదాన్నీ రోజుల్లోకి, అడుగుల్లోకి, కిలోల్లోకి మార్చడం అలవాటు చేసుకోండి.

ఇలాంటి చిత్రం ఏది చూసినా బ్రాయిలర్ షెడ్డు ఒక్కసారైనా కనిపిస్తుంది. నేల కనబడకుండా తెల్లకోళ్లు, గుండె అదిరే సంగీతం. ముందుగా ఆ దృశ్యం బ్యాచ్‌లో ఎన్నో రోజున తీశారో కనిపెట్టండి. ఒకరోజు పిల్ల 40 గ్రాముల పసుపు ఉండలా ఉంటుంది. మొదటి వారంలో పిల్లల చుట్టూ రేకులతో గుండ్రంగా కంచె కడతారు, పైన వేడి కోసం బల్బులో గ్యాస్ బ్రూడరో వేలాడుతుంది. మూడో వారానికి నూగు పోయి తెల్ల ఈకలు వస్తాయి. నీటి గొట్టాలనూ దాణా పళ్లేలనూ కోడి ఎదిగేకొద్దీ పైకి లేపుతారు కాబట్టి వాటి ఎత్తు చూసినా వయసు అందుతుంది. కింద పరిచిన వరి ఊక బంగారు రంగులో ఉంటే కొత్త బ్యాచ్, నల్లబడి ఉంటే చివరి రోజులు. అదే షెడ్డును మొదటి రోజున తీస్తే ఆటస్థలంలా ఖాళీగా కనిపిస్తుంది, 40వ రోజున తీస్తే జాతరలా. రెండూ నిజమే. దర్శకుడు దేన్ని ఎంచుకున్నాడో మీరు గుర్తుపట్టాలి.

తర్వాత కెమెరా ఎక్కడుందో చూడండి. నేలబారున పెట్టి దూరపు లెన్స్‌తో తీస్తే కోడికీ కోడికీ మధ్య ఉన్న సందులన్నీ మూసుకుపోతాయి. పైనుంచి తీస్తేనే అసలు చోటు తెలుస్తుంది. మన దగ్గర పక్కలకు జాలీ కట్టిన షెడ్లలో సుమారుగా కోడికి ఒక చదరపు అడుగు ఇస్తారు, అంటే 929 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు. నేల మీద ఒకటిన్నర కాగితం పరిచి, దాని మీద రెండుంపావు కిలోల కోడిని ఊహించుకోండి. ఐరోపాలో మామూలు పరిమితి చదరపు మీటరుకు 33 కిలోలు, అంటే ఇదే సైజు కోళ్లు పదిహేను. మన ఒక చదరపు అడుగు లెక్కన పదకొండే పడతాయి. మనవాళ్లు కోళ్ల మీద ఎక్కువ దయ చూపుతున్నారని కాదు. అక్కడివి ఫ్యాన్లతో గాలి లాగే మూసిన షెడ్లు. మనవి గాలి మీద ఆధారపడ్డవి. మన ఎండలో అంత కిక్కిరిస్తే సాయంత్రానికి కోళ్లు మిగలవు.

కెమెరాకు అందనిది వాసన. రెట్టలో తడి ఎక్కువై ఊక గడ్డకడితే అమ్మోనియా పుడుతుంది. మనుషుల కళ్లు మండుతాయి, కోళ్ల పాదాల అడుగున పుండ్లు పడతాయి. నీటి గొట్టం కారడం, తెర దించేసి గాలి ఆపేయడం, ఊకను రోజూ తిరగెయ్యకపోవడం దీనికి మామూలు కారణాలు. అందుకని షెడ్డు దృశ్యంలో కోడి ముఖం చూసి వదిలెయ్యకండి. కాళ్లు చూడండి, ఊక చూడండి. ఎలా పెంచుతున్నారో అక్కడ తెలిసిపోతుంది.

ఇప్పుడు కిలోల లెక్క. 5,000 కోళ్ల షెడ్డు అనుకోండి. 40 రోజులకు కోడి రెండుంపావు కిలోల దాకా వస్తుంది. కిలో బరువుకు సుమారు 1.6 కిలోల దాణా చొప్పున కోడికి 3.6 కిలోలు, మొత్తం షెడ్డుకు 18 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 360. అందులో సగానికి పైగా మొక్కజొన్న, మిగతాదాంట్లో ఎక్కువ భాగం సోయా చెక్క. దాణాకు రెండింతల నీళ్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నూటికి నాలుగైదు చనిపోవడం మామూలు బ్యాచ్ కిందే లెక్క, అంటే ఈ షెడ్డులో 200 నుంచి 250 కోళ్లు. చిత్రంలో ఎవరో బకెట్‌తో చచ్చిన కోళ్లను మోసుకుపోతుంటే అది ఘోర ప్రమాదమనుకోకండి, చాలా షెడ్లలో అది రోజూ పొద్దున్నే చేసే పని. అయితే ‘మామూలే’ అన్న మాటతో సరిపెట్టుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మీరు అడగాల్సిందే.

ఇక్కడే మీకు ఇంట్లో వినిపించే మాట ఒకటి అడ్డొస్తుంది: ‘ఇంజెక్షన్లు పొడిచి పెంచుతారు’ అని. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగమయ్యాయి, విడదీద్దాం.

హార్మోన్లు: పెరుగుదల హార్మోను ఒక ప్రోటీను. దాణాలో కలిపితే జీర్ణమైపోతుంది, ఇవ్వాలంటే ప్రతి కోడికీ మళ్లీ మళ్లీ సూది వెయ్యాలి. వేల కోళ్ల షెడ్డులో ఆ కూలి ఎవరు భరిస్తారు? అమెరికాలో కోళ్లకు హార్మోన్లు వాడడం 1950ల నుంచే నిషిద్ధం. మరి అంత వేగంగా ఎలా పెరుగుతాయి? జాతి ఎంపిక. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతి, 1978 నాటి జాతి, 2005 నాటి జాతి కోళ్లకు ఒకే దాణా పెట్టి పెంచి, 2014లో ఫలితాలు ప్రచురించారు. 56వ రోజున వాటి బరువులు వరసగా 905 గ్రాములు, 1,808 గ్రాములు, 4,202 గ్రాములు. దాణా అదే, తేడా అంతా పుట్టుకలోనే. ఈ వేగానికి మూల్యం కోడే చెల్లిస్తుంది: కండ పెరిగినంత వేగంగా కాళ్ల ఎముకలూ గుండే సర్దుకోలేవు. చిత్రాలు చాలా అరుదుగా చూపే సంగతి ఇంకొకటుంది. ఈ పిల్లలకు జన్మనిచ్చే తల్లి, తండ్రి కోళ్లకు కడుపునిండా తిండి పెట్టరు. పెడితే బాగా కొవ్వెక్కి గుడ్లు సరిగా పెట్టవు. పిల్లలు తినడానికే పుట్టినట్టు పెరుగుతాయి, తల్లులు ఆకలితో బతుకుతాయి. ఈ మొత్తం పద్ధతిలో నా మనసుకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే.

టీకాలు: కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంటి చుక్కలు, రెండో వారంలో గంబోరో అనే వైరస్ జబ్బుకు, ఆ తర్వాత మళ్లీ కొక్కెర తెగులుకు తాగే నీళ్లలో మందు. రోగం రాకుండా చేసేవి ఇవి, వీటిని తప్పుబట్టాల్సిన పని లేదు.

యాంటీబయాటిక్స్: భయపడాల్సింది వీటి గురించే. చిన్న మోతాదుల్లో దాణాలో కలిపితే కోళ్లు కాస్త త్వరగా బరువెక్కుతాయని 1950 ప్రాంతంలో తెలిసింది, అక్కణ్ణుంచి అది అలవాటైపోయింది. చిన్న మోతాదుకు అన్ని బ్యాక్టీరియాలూ చావవు, తట్టుకున్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. అవి మనిషికి సోకినప్పుడు ఆ మందు పనిచెయ్యదు. ఐరోపా సమాఖ్య పెరుగుదల కోసం వీటిని వాడడం 2006 జనవరి 1 నుంచి ఆపింది. అమెరికా, మనుషుల వైద్యంలో ముఖ్యమైన వాటికి 2017లో ఆపింది. కోలిస్టిన్ అనే మందు ఆసుపత్రుల్లో ఏదీ పనిచెయ్యనప్పుడు వాడే ఆఖరి ఆయుధం. మన దేశం దాన్ని పశువుల్లో, కోళ్లలో వాడకూడదని 2019 జులైలో నిషేధించింది. చిత్రం ‘కెమికల్స్, కెమికల్స్’ అని గోలపెడుతుంటే, ఏ మందు, ఎంత, ఏ రోజు దాకా, అమ్మేముందు ఎన్నాళ్లు ఆపారు అని అడగండి. ఆ జవాబు చెప్పని చిత్రం మిమ్మల్ని భయపెట్టింది గానీ ఏమీ నేర్పలేదు.

ఇక డబ్బు. కాంట్రాక్టు మీద నడిచే షెడ్లలో పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, పనివాళ్లు రైతువి. చివర్లో తూకం వేసి కిలోకు ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. దాణా ఎక్కువ పట్టినా, కోళ్లు ఎక్కువ చచ్చినా కోత పడుతుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాస్తే రైతు షెడ్డు మీద గోనె సంచులు తడిపి కప్పుతాడు, నీళ్లను మంచులా చిమ్మే ఫాగర్లు పెడతాడు, మధ్యాహ్నం దాణా తీసేసి తెల్లవారుజామున పెడతాడు. కోడికి చెమట పట్టదు, రొప్పి రొప్పే వేడి వదిలించుకోవాలి. అరిగించుకునే పని తోడైతే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. అమెరికాలో ఇంకో మెలిక ఉంది. ఒకే వారంలో కోళ్లు అప్పగించిన రైతులను ఒకరితో ఒకరిని పోల్చి, సగటు కన్నా మెరుగైనవాడికి పెంచి, వెనకబడినవాడికి తగ్గిస్తారు. పిల్లల నాణ్యతా దాణా నాణ్యతా రైతు చేతిలో లేవు, షెడ్డు మీద అప్పు మాత్రం అతని పేరునే ఉంటుంది. అందుకని చిత్రంలో షెడ్డు ముందు తలవంచుకుని నిలబడ్డ రైతును విలన్ అనుకోవద్దు. లోపలికి కెమెరాను రానిచ్చినవాడు కాంట్రాక్టునే పణంగా పెట్టి ఉండొచ్చు.

కబేళా దృశ్యం వచ్చినప్పుడు కోళ్లతో పాటు చేతులు కూడా చూడండి. అమెరికాలో 2014 నాటి తనిఖీ పద్ధతి ప్రకారం ఒక లైన్ మీద నిమిషానికి 140 కోళ్ల దాకా పోవచ్చు, ప్రత్యేక అనుమతితో 175. నిమిషానికి 140 అంటే సెకనుకు రెండు కన్నా ఎక్కువ. తనిఖీదారుకు ఒక్కో కోడి మీద అర సెకను కూడా దక్కదు. అదే వేగంతో రోజంతా ఒకే కోత కోసేవాళ్ల మణికట్టు ఏమవుతుందో మీరే ఊహించండి. ఈ మనుషులను మరిచిపోవడం కొత్తేమీ కాదు. అమెరికా రచయిత అప్టన్ సింక్లెయిర్ షికాగో కబేళాల్లో కార్మికుల బతుకు మీద నవల రాస్తే జనం కదిలింది మాంసం శుభ్రత గురించి. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం వచ్చింది, కార్మికుడి బతుకు ఆ చట్టంలో లేదు.

అంకెలు తెర మీద పెద్ద అక్షరాల్లో వచ్చినప్పుడు ఆపి రాసుకోండి. 2014లో వచ్చిన కౌస్పిరసీ, భూమిని వేడెక్కించే వాయువుల్లో 51 శాతం పశువులవల్లే అంది. అది 2009 నాటి ఒక పత్రికా వ్యాసంలోని అంకె. అందులో పశువులు వదిలే ఊపిరిని కూడా కలిపారు. ఆ ఊపిరిలోని కార్బన్ నిన్నమొన్న గడ్డి గాలిలోంచి తీసుకున్నదే, మళ్లీ గాలిలోకే పోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో చెప్పింది 14.5 శాతం. అదీ చిన్నది కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరమే లేదు. 2021లో వచ్చిన సీస్పిరసీ, 2048కి సముద్రాలు ఖాళీ అయిపోతాయంది. దానికి మూలం 2006 నాటి పరిశోధన. అందులో ‘కుప్పకూలడం’ అంటే పట్టుబడి ఒకప్పటి గరిష్ఠంలో పదోవంతుకు తగ్గడం, చేపే లేకపోవడం కాదు. అదే శాస్త్రవేత్త 2009లో ఇతరులతో కలిసి మళ్లీ లెక్కలు చూసి, సరిగా నిర్వహించిన చోట్ల చేపలు కోలుకుంటున్నాయని తేల్చాడు. చిత్రం 2021లో వచ్చింది, అంకె 2006లోనే ఆగిపోయింది.

ఒక మనిషి అనుభవం మీద నడిచే చిత్రాలతో ఇంకా జాగ్రత్త. 2004లో వచ్చిన సూపర్ సైజ్ మీ చిత్రం కోసం దాని దర్శకుడు మోర్గన్ స్పర్లాక్ 30 రోజులు మూడు పూటలా ఒకే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ తిండి తిని 11 కిలోలు పెరిగాడు. కాలేయం దెబ్బతిన్నదని డాక్టర్లు కంగారుపడ్డారు. తనకు చిన్న వయసు నుంచే బాగా తాగే అలవాటుందని 2017లో ఆయనే బయటపెట్టాడు. అంతమాత్రాన బర్గర్లు మంచివైపోవు. పోల్చడానికి రెండో మనిషి లేని చోట కారణం ఏదో తేల్చలేమని మాత్రం తెలుస్తుంది.

సంగీతం ఎంత పని చేస్తుందో తెలియాలంటే షెడ్డు దృశ్యాన్ని రెండు నిమిషాలు శబ్దం ఆపేసి చూడండి. ఆ తర్వాత ఆస్ట్రియా దర్శకుడు 2005లో తీసిన అవర్ డైలీ బ్రెడ్ చూడండి. వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు. యంత్రాలూ మనుషులూ జంతువులూ, అంతే. చిన్నవాళ్లు దాన్ని పెద్దవాళ్ల పక్కన కూర్చునే చూడాలి, కబేళా దృశ్యాలు ఉన్నాయి.

చిత్రం అయ్యాక మన వీధి చికెన్ కొట్టు దగ్గర నిలబడి చూడండి. ఇక్కడ కోడిని ఎక్కువగా మన కళ్ల ముందే కోస్తారు కాబట్టి అమెరికా కబేళా కథ మనకు సగమే వర్తిస్తుంది. మన తప్పులు వేరే చోట ఉన్నాయి: రోజంతా మార్చని నీళ్ల డ్రమ్ము, గీరి కడగని చెక్క మొద్దు, మూత లేని వ్యర్థాల డబ్బా, గంపలో రెక్కలు విరిగి పడున్న కోడి. ఇంటికి తెచ్చాక పచ్చి మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడగొద్దు, తుంపరలతో పాటు క్రిములు గట్టంతా పడతాయి. మాంసానికి కత్తీ పలకా వేరుగా ఉంచి, ముక్క లోపల 74 డిగ్రీలు చేరేదాకా ఉడికిస్తే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిములు చస్తాయి.

లెక్కలు వేసిన కాగితాలు పారెయ్యకండి, నాకు పంపండి. ముఖ్యంగా షెడ్డు దృశ్యం ఎన్నో రోజుదో, దేన్ని చూసి కనిపెట్టారో రాయండి. నీటి గొట్టం ఎత్తును బట్టా, ఊక రంగును బట్టా?

మీ తాతయ్య