డోపమైన్, మద్యం: ఎలుకలు చెబుతున్నది వేరు

ఎలుకల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని కొలవడం నా వృత్తి. మా హైదరాబాదులో తార్నాక, హబ్సిగూడ వైపు పరిశోధకులకు కొదవ లేదు. అయినా "అదే కదండీ, ఆనందం ఇచ్చే రసాయనం?" అన్న మాట పెళ్లి భోజనాల దగ్గర కూడా వినిపిస్తూనే ఉంటుంది.

అపోహ: డోపమైన్ అంటే ఆనందం.

వాస్తవం: 1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే అక్కడికి స్వల్ప విద్యుత్తు అందేది. ఎలుకలు ఆ మీటను వదలకుండా నొక్కాయి. మెదడులో ఆనంద కేంద్రం ఉందన్న మాట అలా పుట్టింది, ఆ పేరు డోపమైన్‌కూ అంటుకుంది. తరవాత కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తొలగించి చూసింది. అవి తమంతట తాము తినడం మానేశాయి. నోట్లో తీపి నీళ్లు పోస్తే మాత్రం ఎప్పటిలాగే ఇష్టంగా నాలుక చప్పరించాయి! రుచి తెలుస్తూనే ఉంది, దాని కోసం కదలాలన్న తపనే పోయింది.

వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మరో శాస్త్రవేత్త కోతుల్లో చూసింది ఇంకా ముఖ్యమైనది. అనుకోకుండా పళ్లరసం దొరికితే డోపమైన్ కణాలు చురుకయ్యాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, దీపానికే స్పందించాయి, రసానికి కాదు. రసం రాకపోతే మామూలు స్థాయి కన్నా తగ్గాయి. రోజూ అదే హోటల్లో ఇరానీ చాయ్ తాగేవారిని కప్పు కన్నా మలుపులో తగిలే వాసనే ఎక్కువ లాగుతుంది, అలాగన్నమాట.

అపోహ: తిండైనా మద్యమైనా మెదడుకు ఒకటే.

వాస్తవం: రెండూ డోపమైన్‌ను పెంచుతాయి. మద్యం, నికోటిన్, మార్ఫిన్, కొకైన్ నాలుగూ ఎలుకల్లో ఆ పని చేస్తాయని డి కియారా, ఇంపెరాటో అనే పరిశోధకులు 1988లో చూపారు. కానీ రుచికరమైన తిండి అలవాటయ్యేకొద్దీ ఆ స్పందన సన్నగిల్లుతుంది. మత్తు పదార్థాలు రసాయన బలంతో దాన్ని మళ్లీ మళ్లీ రేపుతాయి. సీసా, గ్లాసు, దుకాణం బోర్డు కూడా మనిషిని లాగే శక్తి పుంజుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

అపోహ: రుచి చూపిస్తే చాలు, ఏ ఎలుకైనా తాగుబోతవుతుంది.

వాస్తవం: 2018లో స్వీడన్‌లో ఆజియే బృందం ఎలుకలకు మద్యం, తీపి నీళ్లలో ఒకటి ఎంచుకునే అవకాశమిచ్చింది. చాలా ఎలుకలు మద్యాన్ని వదిలేశాయి. సుమారు 15 శాతం మాత్రం కాలికి షాక్ తగులుతున్నా దాన్నే కోరాయి. వాటి మెదడులో భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా అనే భాగంలో, కణాల చురుకును తగ్గించే గాబా అనే మరో రసాయనాన్ని తొలగించే వ్యవస్థ బలహీనంగా ఉంది. అంటే నేరమంతా డోపమైన్‌ది కాదు.

అపోహ: ఫోను పక్కన పెట్టి "డోపమైన్ ఉపవాసం" చేస్తే మెదడు శుద్ధి అవుతుంది.

వాస్తవం: ఫోను పక్కన పెట్టడం మంచిదే, కానీ దానితో డోపమైన్ ఖాళీ కాదు. డోపమైన్ తయారు కాకుండా జన్యువులు మార్చిన చిట్టెలుకలు, ఆ లోటు తీర్చే ఔషధం ఇవ్వకపోతే తిండి తినక చనిపోయాయి.

అపోహ: మానలేకపోవడం పట్టుదల లోపం.

వాస్తవం: చాలాకాలం మద్యానికి అలవాటుపడిన ఎలుకలకు దాన్ని ఆపేస్తే డోపమైన్ మామూలు స్థాయి కన్నా పడిపోతుంది. ఇది తిట్లతో పెరిగేది కాదు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. దయచేసి గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.