పుట్టకొక్కులు, 6 అంకె

చిరంజీవులు బన్నీకి, చిట్టికి,

తాతయ్య ఆశీస్సులు. హిట్లర్ పాఠం చదివి బన్నీ ఫోన్లో అడిగాడు: "పెద్దవాళ్లు సరే తాతయ్యా, నా అంత పిల్లలు కూడా యూదుల్ని ఎందుకు అసహ్యించుకున్నారు?" అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను. నిన్న వానకి పెరట్లో పుట్టకొక్కులు లేచాయి. వాటిని చూశాక జవాబు తట్టింది.

నా చిన్నప్పుడు ఆరుద్ర కార్తెలో, ఉరుములు ఉరిమిన మర్నాడు, అమ్మ వెనకాలే బుట్ట పట్టుకుని పుట్టల దగ్గరికి పోయేవాణ్ణి. తెల్లగా బొద్దుగా ఉన్నదాన్ని పీకబోతే "అది విషంరా" అనేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అమ్మ చెప్పింది, అంతే. ఇంటికెళ్లాక ఉల్లిపాయ, మిరియాలు వేసి వండితే ఆ వాసన... సరే, అసలు సంగతికొస్తాను.

1938లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పిల్లలకని ఒక బొమ్మల పుస్తకం వేశారు. పేరు 'విషపు పుట్టగొడుగు'. అందులో ఒక తల్లీ కొడుకూ అడవిలో పుట్టకొక్కులు ఏరుతుంటారు. తినేవేవో తినకూడనివేవో ఆమె చెబుతుంది. ఆ నోటితోనే, మనుషుల్లోనూ ఇలా విషపువాళ్లున్నారు, వాళ్లు యూదులు అంటుంది. పుట్టకొక్కుల్లో విషం ఉండడం నిజమే కదా. ఆ నిజం పక్కన అబద్ధాన్ని కూర్చోబెట్టి అమ్మ చేత చెప్పించారు. ఇంకో కథ బడిలో. యూదుడి ముక్కు కొస 6 అంకెలా వంగి ఉంటుందని అక్కడ పాఠం. ఆ లెక్కన నా ముక్కు ఏ అంకెకి వస్తుందో!

రాసింది ఎర్న్‌స్ట్ హీమర్, అచ్చు వేయించింది హిట్లర్ పార్టీ నాయకుడు యూలియస్ స్ట్రైకర్. అదే ఏడాది నవంబరులో యూదు పిల్లల్ని జర్మన్ బడుల నుంచి వెళ్లగొట్టారు. తర్వాత హిట్లర్ మనుషులు చంపిన యూదుల్లో పిల్లలే దాదాపు 15 లక్షలు. యుద్ధం అయ్యాక స్ట్రైకర్‌ను అదే న్యూరెంబర్గ్‌లో విచారించి 1946లో ఉరి తీశారు. రుజువైన నేరం, యూదుల్ని చంపమని జనాన్ని రాతలతో, మాటలతో రెచ్చగొట్టడం.

నవ్వకండి, నేనూ నమ్మినవాణ్ణే. ఊరి చివరి వాడలో నీళ్లు తాగితే జబ్బు చేస్తుందని మా నాయనమ్మ అనేది. ఒక ఎండాకాలం ఆటలో దాహం ఆగక, ఆ వాడలో సావాసగాడి ఇంట్లో చెంబెడు తాగేశాను. రాత్రంతా టెన్షన్, కడుపు పట్టుకునే పడుకున్నాను. తెల్లారింది, ఏమీ కాలేదు. నాయనమ్మకి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆవిడ మంచిదేరా. మంచివాళ్లు చెప్పిన చెడ్డమాటే గట్టిగా నాటుకుంటుంది.

ఈ ఆదివారం మీ కథల పుస్తకాలన్నీ ముందేసుకుని చెడ్డవాళ్ల బొమ్మలు చూడండి. ముక్కెలా గీశారు, ఒంటికి ఏ రంగు వేశారు, తలకేం చుట్టారు. చూసి నాకు రాయండి. పుట్టకొక్కులు కనిపిస్తే నేనొచ్చేదాకా ముట్టుకోకండి.

మీ తాతయ్య