గేటు వదలలేని మనిషి, వేసుకోని మాత్ర: ప్రజారోగ్యంపై కొన్ని అపోహలు, వాస్తవాలు

రక్తపోటు ఎంతకీ అదుపులోకి రాని ఒక రాత్రి కాపలాదారుకు రెండుసార్లు మందు మోతాదు పెంచాను. మూడోసారి వచ్చినప్పుడు కూడా అంకెలు దిగలేదు. మాత్రల అట్టలు చూపించమన్నాను. ఒక రకం అయిపోయింది, రెండోది దాదాపు నిండుగా ఉంది. కాసేపు నసిగి చెప్పారు: "అది వేసుకుంటే గంటకోసారి లేవాలి డాక్టరుగారూ. గేటు వదిలి వెళితే జీతం కోస్తారు. పోనీ పొద్దున వేసుకుందామంటే పగటి నిద్ర పోతుంది."

మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసి రక్తపోటు తగ్గించే మాత్ర అది. రాసింది నేనే. ఆయన చేసే పని ఏమిటో చీటీ మీదే ఉంది, నేను చూడలేదు. ఇలాంటివారి గురించి మా రికార్డుల్లో "మందులు సరిగా వాడరు" అని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేస్తాం. ప్రజారోగ్యంలో నేను తరచూ వినే అపోహల్లో చాలావాటికి ఆ ముక్కే మూలం.

అపోహ: ఎవరి ఆరోగ్యం వారి చేతుల్లోనే ఉంటుంది. అలవాట్లు మార్చుకుంటే చాలు.

వాస్తవం: అలవాట్లు ముఖ్యమే, కాదనను. కానీ లెక్క అక్కడితో తేలదు. బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం సుమారు 18 వేల మంది పురుష ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. అందరికీ స్థిరమైన ఉద్యోగం ఉంది, వైద్యం ఉచితం, దినదిన గండమనే పరిస్థితి ఎవరికీ లేదు. అయినా అట్టడుగు శ్రేణి ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారులతో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలింది. పైగా అది పేదలకూ ధనికులకూ మధ్య ఒకే ఒక్క అగాధం కాదు, మెట్ల వరుస. పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నవారి పరిస్థితి కూడా మొదటి మెట్టు వారికన్నా ఒక పిసరు తక్కువే. తన పని మీద తనకెంత పట్టు ఉందన్నది కూడా ఇందులో ఒక కారణమని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. గేటు దగ్గరి మనిషికి ఆ పట్టు ఎంతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: ప్రజల్లో అవగాహన పెంచితే ఆరోగ్యం బాగుపడుతుంది.

వాస్తవం: అవగాహన సదస్సులకు నేనూ వెళ్తాను, మాట్లాడతాను. కాకపోతే పెట్రోలులో కలిపిన సీసం సంగతి చూడండి. 1920ల నుంచి కలిపారు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పెద్దల్లో రక్తపోటు పెంచుతుంది. ఏ తల్లికి ఎంత అవగాహన ఉన్నా బిడ్డను ఊపిరి పీల్చవద్దనలేదు కదా. అమెరికాలో నిబంధనలు బిగించి సీసాన్ని తగ్గిస్తూ పోయాక, 1976-80లో జనం రక్తంలో సగటున డెసిలీటరుకు 12.8 మైక్రోగ్రాములున్న సీసం 1988-91 నాటికి 2.8కి పడిపోయింది. అందుకోసం ఎవరూ అలవాటు మార్చుకోలేదు, కరపత్రం చదవలేదు. వాహనాలకు ఈ పెట్రోలు అమ్మడం చిట్టచివరిగా ఆపిన దేశం అల్జీరియా, అదీ 2021లో. విషమని తెలిశాక కూడా దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యం కూడా ఒక విధాన నిర్ణయమే.

అపోహ: పొగాకు మీద, తీపి పానీయాల మీద పన్నులు ఖజానా నింపుకోవడానికే. అలవాటు పడ్డవాడు ధర చూసి ఆగుతాడా?

వాస్తవం: అందరూ ఆగరు, కొందరు ఆగుతారు. జనాభా స్థాయిలో ఆ కొందరే లక్షల్లో ఉంటారు. సిగరెట్ల ధర 10 శాతం పెరిగితే వాడకం సంపన్న దేశాల్లో సుమారు 4 శాతం, మిగిలిన దేశాల్లో సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువగా ప్రభావితమయ్యేది యువత, చేతిలో డబ్బు తక్కువున్నవారు. ముప్పై ఏళ్లుగా తాగుతున్న వ్యక్తిని పన్ను మాన్పించకపోవచ్చు. మొదటి పెట్టె కొనాల్సిన పదిహేనేళ్ల కుర్రాడి విషయం వేరు.

పన్ను ఎంత అన్నదానికన్నా దాన్ని ఎలా అల్లారన్నదే అసలు విషయమని నా అభిప్రాయం. పన్నును సరుకు ధరలో ఇంత శాతమని పెడితే తాగేవారు చవక రకానికి మారిపోతారు. సిగరెట్టుకు ఇంత అని పెడితే ఆ దారి మూసుకుపోతుంది. కానీ ఏటా ధరల పెరుగుదలకు తగ్గట్టు దాన్ని సవరించకపోతే పోనుపోను అది నామమాత్రమవుతుంది. ఇక బ్రిటన్ తీపి పానీయాల సుంకం 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలు చేశారు. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే సుంకం లేదు, 5 నుంచి ఒక రేటు, 8 నుంచి మరింత ఎక్కువ రేటు. ఆ రెండేళ్ల వ్యవధిలో కంపెనీలు కూర్చుని తమ తయారీనే మార్చుకున్నాయి. తాగేవారు అదే సీసా కొన్నారు, లోపల చక్కెర తగ్గింది. ఇక్కడ మారింది కొనేవారి బుద్ధి కాదు, ఫ్యాక్టరీలోని కొలత.

బెడిసికొట్టినవీ ఉన్నాయి. డెన్మార్క్ 2011 అక్టోబరులో వెన్న, మాంసం వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వు మీద పన్ను వేసింది. జనం సరిహద్దు దాటి సరుకులు తెచ్చుకుంటున్నారన్న ఫిర్యాదులు, వ్యాపారుల ఒత్తిడి, లెక్కల చిక్కులు అన్నీ కలిసి 2013 జనవరికల్లా దాన్ని రద్దు చేయించాయి. పన్నులను సమర్థించే మాలాంటి వాళ్లం ఈ ఉదాహరణను కాస్త దాటవేస్తుంటాం. దాటవేయకూడదు. అలాగే మానలేకపోయిన పేదవాడి మీద ఈ పన్ను నిజంగానే భారం. వచ్చిన సొమ్ములో కొంతయినా మాన్పించే చికిత్సకు పెట్టని ప్రభుత్వం ఆరోగ్యం పేరు చెప్పుకోవడం నాకు నచ్చదు.

అపోహ: ఉచితంగా ఇస్తే విలువ తెలియదు. నామమాత్రంగానైనా రుసుము ఉండాలి.

వాస్తవం: వినడానికి ఎంతో సబబుగా ఉండే మాట ఇది. నేనూ ఒకప్పుడు నమ్మాను. కెన్యాలో గర్భిణుల క్లినిక్‌లలో దోమతెరలతో దీన్ని పరీక్షించి చూశారు. కొన్ని చోట్ల ఉచితం, మరికొన్ని చోట్ల రకరకాల చిన్న ధరలు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ధర సున్నా నుంచి 60 అమెరికన్ సెంట్లకు పెరిగేసరికి తీసుకునేవారు 60 శాతం పాయింట్ల మేర తగ్గారు. అప్పటికీ అసలు ఖరీదులో 90 శాతం రాయితీయే. మరి డబ్బు పెట్టి కొన్నవారు ఎక్కువగా వాడారా? లేదు. ఉచితంగా పొందినవారూ అంతే వాడారు. రుసుము జల్లెడ లాంటిదే, కానీ అది జల్లించింది శ్రద్ధ లేనివారిని కాదు.

అపోహ: దేశం సంపన్నమైతే ఆరోగ్యం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: బాగా పేద దేశంలో ఆదాయం పెరిగితే ఆయుర్దాయం చకచకా పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక ఆ వేగం మందగిస్తుంది. జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ 1975లోనే గీసి చూపిన వంపు ఇది. వైద్యానికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్చు పెట్టే అమెరికాలో 2014-17 మధ్య ఆయుర్దాయం తగ్గింది. తలసరి ఆదాయంలో ఎంతో వెనక ఉన్న కోస్టారికా ఆయుర్దాయంలో దానికి తీసిపోదు. ఇక ఆర్థిక వ్యవస్థను ఒక్కసారిగా కుదిపేస్తే ఏమవుతుందో రష్యా చూసింది. 1990లో సుమారు 64 ఏళ్లున్న మగవారి ఆయుర్దాయం 1994 నాటికి 58 లోపుకు జారింది.

అపోహ: సాయానికి షరతులు పెడితే సోమరులు తొలగిపోతారు, అర్హులకు నష్టం ఉండదు.

వాస్తవం: అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం 2018లో ఇదే చేసి చూసింది. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కొనసాగాలంటే నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్టు నిరూపించుకోవాలన్నారు. కొన్ని నెలల్లోనే 18 వేల మందికి పైగా బీమా పోయింది. ఉద్యోగాల సంఖ్య మాత్రం పెరగలేదు. ఆ నిబంధన ఎవరి కోసం పెట్టారో వారిలో 95 శాతానికి పైగా అప్పటికే పని చేస్తున్నారు లేదా మినహాయింపుకు అర్హులని తర్వాతి పరిశీలనలో తేలింది. వారికి అడ్డుపడింది పని కాదు, ఆ సంగతి నమోదు చేయడం. మొదట్లో దానికి ఉన్న దారి ఇంటర్నెట్ ఒక్కటే. ఆ వెబ్‌సైటును రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు మూసి ఉంచేవారు.