మిడిల్ స్కూల్‌కు వెళ్లబోయే మనవలకు

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఇల్లు మారే ఆలోచనలో ఉన్నామని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీ టెక్సస్‌లోని ప్లేనోలో ఇంటి చిరునామాను బట్టే బడి కదా. ఇప్పటి ఇంటికి పడే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉండే మిడిల్ స్కూల్‌కు ఏదో వెబ్‌సైటు పదికి ఆరు ఇచ్చిందట, ఇంకాస్త పడమరగా వెళితే తొమ్మిది వచ్చిన స్కూల్ ఉందట. "ఆరంటే బాగాలేనట్టేనా తాతయ్యా?" అని చిన్నది అడిగింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. పంతులు ఉద్యోగం చేసినవాణ్ణి, కాస్త పొడవైతే ఓర్చుకోండి.

ముందు నాన్నకు ఒక మాట చెప్పండి. ప్లేనో ఊరు వేరు, బడులను నడిపే ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు. టెక్సస్‌లో బడులు సాధారణంగా నగరపాలక సంస్థ కింద ఉండవు. వాటికి ప్రజలు ఎన్నుకున్న సొంత బోర్డు, సొంత పన్ను ఉంటాయి. అందుకే ప్లేనో డిస్ట్రిక్ట్‌కు చెందిన ఫ్రాంక్‌ఫర్డ్ మిడిల్ స్కూల్ డాలస్ నగర పరిధిలో ఉంది. ప్లేనో ఊళ్లోనే ఉన్న ఫౌలర్ మిడిల్ స్కూలేమో ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌ది. చిరునామాలో ఊరి పేరు చూసి ఇల్లు కొంటే తర్వాత తల పట్టుకోవాలి.

ఇక మార్కుల సంగతి. వెబ్‌సైటు పదికి వేసే మార్కుకైనా, రాష్ట్ర విద్యాశాఖ ఎ నుంచి ఎఫ్ వరకు ఇచ్చే గ్రేడుకైనా ప్రధాన ఆధారం మీరు ఏటా రాసే స్టార్ అనే రాష్ట్ర పరీక్షే. విద్యాశాఖ లెక్క కొంచెం నయం, ఎలా వేశారో విప్పి చూపిస్తుంది. ఎంతమంది పిల్లలు ఏ స్థాయి అందుకున్నారన్నది ఒక కొలత. నిరుటి కంటే ఎంత ఎదిగారన్నది మరొకటి. పేద కుటుంబాల పిల్లల శాతం ఇంచుమించు ఒకటే ఉన్న బడులను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఈ రెండో కొలతలోనే ఉంది. ఈ రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, వివిధ వర్గాల పిల్లల మధ్య అంతరం ఎంత తగ్గిందన్నదానికి 30 శాతం విలువ. కాబట్టి రెండు బడులకు ఒకే ఎ వచ్చినా, ఒకటి పిల్లలు చేరుకున్న స్థాయితో, ఇంకొకటి వారు సాధించిన ఎదుగుదలతో తెచ్చుకుని ఉండవచ్చు. గ్రేడు చూసి ఆగిపోకుండా లోపలి మార్కులు తెరిచి చూడమనేది అందుకే.

కాలువ కింద పొలంలో ముప్పై బస్తాలు పండించిన రైతునూ, మెట్టలో ఇరవై పండించిన రైతునూ మన ఊళ్లో ఎవరూ బస్తాల లెక్కతో పోల్చరు. బడులకు వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు. ప్లేనో తూర్పు వైపు పాత, చిన్న ఇళ్లు ఎక్కువ. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు, ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలు ఎక్కువగా ఉన్న బడికి తొలి కొలతలో మార్కు తగ్గడం సహజం. డిస్ట్రిక్ట్ అంతటికీ పాఠ్యప్రణాళిక ఒకటే, జీతాల పట్టిక ఒకటే. బోధనలో తేడా ఉండదని అనను, కానీ ఆరుకూ తొమ్మిదికీ ఉన్నంత తేడా తరగతి గదిలో ఉంటుందని నేను నమ్మను. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరిచే ప్రకటనలు చూసి చూసి మనవాళ్లకు అంకె కనబడితే చాలు, ఇల్లయినా మారుస్తారు!

లెక్కల విషయంలో అమ్మకు భయం ఉందని తెలుసు. 2023లో టెక్సస్ ఒక చట్టం చేసింది. ఐదో గ్రేడు, అంటే ఐదో తరగతి, లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరో గ్రేడులో అడ్వాన్స్‌డ్ లెక్కల తరగతిలో డిస్ట్రిక్టే చేర్చాలి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. ఎనిమిదో గ్రేడులో ఆల్జీబ్రా చదవడానికి దారి అదే. ఈ చట్టం ఆరు వచ్చిన బడికీ వర్తిస్తుంది, తొమ్మిది వచ్చిన బడికీ వర్తిస్తుంది.

బడి కోసం ఇల్లు కొన్నా అది పక్కా హామీ కాదు. పిల్లల సంఖ్య తగ్గుతోందని 2024 జూన్‌లో ప్లేనో బోర్డు నాలుగు బడులు మూసేయాలని తీర్మానించింది. వాటిలో ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ అనే రెండు మిడిల్ స్కూళ్లున్నాయి. బడి మూసేస్తే ఏ ఇంటికి ఏ బడి అని చెప్పే జోన్ గీతలు కొత్తగా గీయాలి కదా.

నిజంగా పోల్చవలసినవి వేరే ఉన్నాయి. మీ డిస్ట్రిక్ట్‌లో తొమ్మిది, పది గ్రేడులకు ఒక హైస్కూల్, పదకొండు, పన్నెండుకు సీనియర్ హైస్కూల్. అంటే మిడిల్ స్కూల్ తర్వాత ఇంకో రెండుసార్లు బడి మారాలి. ఎవరెవరు మీతో పాటు వస్తారన్నది మిడిల్ స్కూల్‌తోనే తేలుతుంది. రైస్ మిడిల్ స్కూల్‌లో చదివినవారు జాస్పర్ హైస్కూల్‌కు, అక్కడి నుంచి ప్లేనో వెస్ట్ సీనియర్ హైస్కూల్‌కు వెళతారు. మర్ఫీ మిడిల్ స్కూల్ పిల్లలు మెక్‌మిలన్ హైస్కూల్ మీదుగా ప్లేనో ఈస్ట్‌కు వెళతారు. బడి రెండు మైళ్ల లోపు ఉంటే సాధారణంగా బస్సు రాదు, నడవాలి లేదా ఎవరో దింపాలి. ఉపాధ్యాయుల సగటు అనుభవం రాష్ట్రం వేసే వార్షిక నివేదికలో ఉంటుంది, మార్కు కంటే ముందు నేనైతే అది చూస్తాను. మీరు మాత్రం అక్కడ చదువుతున్న ఏడో గ్రేడు పిల్లలను పట్టుకుని, అర్థం కానప్పుడు ఏ టీచరు దగ్గరికి వెళతారో అడగండి. ఆ ప్రశ్నకు వెంటనే ఒక పేరు చెప్పారంటే నాకు చాలు.

ఆరు నుంచి ఎనిమిది గ్రేడుల లోపు ఒక కళ నేర్చుకుని తీరాలట. బ్యాండ్ ఎక్కడ బాగుందో మీరే విని తేల్చుకోండి. ట్రంపెట్ తీసుకుంటే మాత్రం నేను వచ్చే వేసవిలో సాధన మధ్యాహ్నం నా నిద్ర అయ్యాకే.

ఇట్లు,
మీ తాతయ్య