మెదడుకు మడతలెందుకు? గాడిద నుంచి గిండీ దాకా

పెరంబూరులో ఉండే మా పిన్ని కూతురికి ఐదో నెల స్కాన్ అయింది. అంతా బాగుందన్నారు. కానీ ఆ వయసు పిండానికి మెదడు దాదాపు నున్నగా ఉంటుందని ఎక్కడో చదివి, "ముడతలు లేకపోతే తెలివి తక్కువవుతుందా అన్నయ్యా?" అని టెన్షన్ పడింది. నాకు గేలెన్ గాడిద గుర్తొచ్చింది.

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యుడు మనిషి మెదడును జంతువుల మెదళ్లతో పోల్చి, మడతలు ఎక్కువ కాబట్టే మనకు తెలివి ఎక్కువన్నాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత గేలెన్ అనే మరో వైద్యుడు వెక్కిరించాడు: గాడిద మెదడుకూ బోలెడు మడతలున్నాయి కదా! ఆ మాటకొస్తే డాల్ఫిన్‌కు మనకన్నా ఎక్కువ.

మెదడు పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. విప్పి పరిస్తే సుమారు 2,000 చదరపు సెంటీమీటర్లు, అంటే పెద్ద చేతిరుమాలంత. అందులో మూడింట రెండు వంతులు సాళ్లలోనే దాగి ఉంటుంది. పుర్రెలో చోటు చాలక అలా నలిగిందని నేనూ చాలాకాలం నమ్మాను. కానీ పుర్రె కూడా మెదడుతో పాటే పెరుగుతుంది.

పైపొర లోపలి భాగం కన్నా వేగంగా పెరగడమే కారణమని 1975లో ఒక లెక్క వచ్చింది. 1997లో వాన్ ఎస్సెన్ అనే మెదడు శాస్త్రవేత్త, నరాల తీగలు లోపలికి లాగుతాయన్నాడు. 2016లో, మద్రాస్ ఐఐటీలో చదివి హార్వర్డ్‌లో ఉన్న ఎల్. మహదేవన్ బృందం ఇంకా దాదాపు నున్నగా ఉండే 22 వారాల పిండం మెదడు ఆకారంలో జెల్ బొమ్మ చేసి, పైన పలచటి పొర పూసి, ద్రావణంలో ముంచింది. పై పొర ఉబ్బింది. పుర్రె లేకుండానే, నిజం మెదడులో లాంటి మడతలు పడ్డాయి. చీరకు ఫాల్ తడపకుండా కుడితే ఏమవుతుంది? ఉతికాక ఫాల్ కుంచించుకుపోతుంది, పొడవు మిగిలిన అంచు ముడతలు పడుతుంది. ఇదీ అంతే.

జన్యువుల పాత్ర లేదని కాదు. ఎల్‌ఐఎస్1 జన్యువు దెబ్బతింటే నరకణాలు పైపొరకు సరిగా చేరవు, మెదడు నున్నగానే మిగిలిపోతుంది. అలాంటి పిల్లలకు ఫిట్స్, ఎదుగుదల లోపాలు తప్పవు.

2024 డిసెంబరులో, గిండీ దగ్గరున్న మద్రాస్ ఐఐటీ బ్రెయిన్ సెంటర్ 'ధరణి' అట్లాస్ విడుదల చేసింది. 14 నుంచి 24 వారాల పిండాల మెదళ్లను పలచగా కోసి తీసిన 5,132 చిత్రాలు, ఎవరైనా చూడొచ్చు. అవి బతకని పిండాలవి కాబట్టి చెల్లికి చూపించలేదు. ఫాల్ సంగతి మాత్రం చెప్పాను.