డెమోలో ఏఐ వేరు, డ్యూటీలో ఏఐ వేరు: అపోహలు - వాస్తవాలు

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కొన్నేళ్లుగా నా ముందుకు వస్తున్నవి ఎక్కువగా చాట్‌బాట్‌లు, ఏఐ ఏజెంట్లే. అవి జనంలోకి వెళ్లేలోపు ఎక్కడ బోల్తా పడతాయో వెతికి పట్టుకోవడం నా పని. అందుకేనేమో, లాంచ్‌కు ముందు జరిగే మీటింగులకు నన్ను పిలవడం మెల్లగా తగ్గించేశారు. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ ప్రపంచమే మారిపోయిందని ఒక ప్రకటన వస్తుంది. దాని కిందే, కళ్లు చికిలిస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో, సమాధానాలు తప్పు కావచ్చు, సరిచూసుకోండి అనీ ఉంటుంది. ప్రకటన మొత్తంలో పూచీ ఇవ్వగలిగిన వాక్యం అదొక్కటే. నా చెవిన తరచూ పడే మాటలు కొన్ని తీసుకుని, వాటి సంగతేమిటో చెబుతాను.

అపోహ: ఏఐకి అన్నీ తెలుసు. తెలియకపోతే తెలియదనే చెబుతుంది.

వాస్తవం: చాట్‌బాట్ వెనక ఉండే భాషా మోడల్ చేసే పని ఒక్కటే. ఇంతవరకూ వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ ముక్క రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి, దాన్ని తెచ్చి పక్కన పెడుతుంది. నిజమైన వాక్యం పుట్టేదీ ఆ దారినే, కల్పించిన వాక్యం పుట్టేదీ ఆ దారినే. రెండింటిలోనూ అదే ధీమా. మామూలు సాఫ్ట్‌వేర్ చెడిపోతే కనీసం ఎర్రటి అక్షరాల్లో ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఇది ఆగదు. పేరాలు కట్టి, బుల్లెట్ పాయింట్లు పెట్టి, చివర్లో "ఇంకేమైనా సాయం కావాలా?" అని అడిగి మరీ తప్పు చెబుతుంది.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఏవియాంకా విమానయాన సంస్థ మీద నడిచిన కేసు మా రంగంలో అందరికీ తెలిసిందే. ప్రయాణికుడి తరఫు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. అవతలి లాయర్లు ఎంత వెతికినా అవి దొరకలేదు. అసలు అలాంటి కేసులే ఎప్పుడూ నడవలేదు మరి. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఇదంతా ఒక ఎత్తు, మధ్యలో జరిగింది ఒక ఎత్తు. లాయరుకు అనుమానం వచ్చి, ఈ కేసు నిజమైనదేనా అని అడిగారు. ఎవరిని? చాట్‌జీపీటీనే. నిజమైనదేనని, పేరున్న న్యాయ డేటాబేసుల్లో దొరుకుతుందని అది భరోసా ఇచ్చింది.

ఇలా ఎందుకవుతుందో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ పరిశోధకులే 2025 సెప్టెంబరులో ఒక పేపర్లో రాశారు. మోడళ్లకు పెట్టే పరీక్షల్లో చాలావాటిలో "తెలియదు" అంటే సున్నా మార్కులు. ఏదో ఒకటి చెబితే తగిలినా తగలొచ్చు. నెగటివ్ మార్కులు లేని పరీక్షలో ఏ విద్యార్థి మాత్రం ఖాళీ వదిలేస్తాడు?

అపోహ: డెమో మా కళ్లతో చూశాం. తిరుగులేదు.

వాస్తవం: డెమో ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లు ఈ మాట అనరు. ముందు ఒక ప్రశ్నల జాబితా రాసుకుంటారు. వాటిలో బాట్ తడబడేవి కొట్టేస్తారు. మిగిలినవాటిని ఏ మాటలతో అడిగితే బాగా పలుకుతోందో చూసి, ఆ మాటలు కామాతో సహా ఒక ఫైల్లో దాచుకుంటారు. స్టేజీ మీద డెమో ఇచ్చే ఆయన "ఊరికే, మనసులో ఏదొస్తే అది అడుగుదాం" అంటూ టైప్ చేసేది ఆ ఫైల్లోని మూడో లైను. ఇంత చేశాక కూడా పక్కన ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన వీడియో ఒకటి రెడీగా ఉంటుంది.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి గురి తప్పుతుంది. 2023 ఫిబ్రవరిలో గూగుల్ తన చాట్‌బాట్ బార్డ్‌ను పరిచయం చేస్తూ ఒక ప్రకటన ఇచ్చింది. సౌరకుటుంబం బయటి గ్రహాన్ని మొట్టమొదట ఫొటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోపేనని అందులో బార్డ్ చెప్పేసింది. అలాంటి ఫొటో 2004లోనే చిలీలోని మరో టెలిస్కోపు తీసింది. ఖగోళ శాస్త్రవేత్తలు ఆ తప్పును పట్టుకున్నారు. ఒక్క రోజులో కంపెనీ మార్కెట్ విలువ సుమారు 10,000 కోట్ల డాలర్లు పడిపోయింది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్ తన కొత్త మోడల్ జెమినై కోసం వదిలిన వీడియోలో, ఎదుటి మనిషి చేసేది చూస్తూ బాట్ టకటకా మాట్లాడినట్టు చూపించారు. నిజానికి దానికి ఇచ్చింది విడివిడి బొమ్మలు, టైప్ చేసిన ప్రశ్నలు. ఆ సంగతి కంపెనీయే తర్వాత ఒప్పుకుంది.

అపోహ: 95 శాతం కరెక్టంటే ఇంకేం కావాలి?

వాస్తవం: ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు చాలనుకుంటే పర్వాలేదు. ఇప్పుడు మార్కెట్లో అమ్ముతున్నది మాత్రం ఏజెంట్లను. అంటే ఒక పని అప్పజెబితే ఒకదాని తర్వాత ఒకటిగా అడుగులు వేసుకుంటూ తనే పూర్తి చేసేవి. ఒక్కో అడుగు 95 శాతం సరిగ్గా పడుతుందనుకుందాం. 20 అడుగుల పని ఆసాంతం సరిగ్గా జరిగే అవకాశం 0.95ని ఇరవైసార్లు హెచ్చిస్తే వస్తుంది. అది దాదాపు 36 శాతం. అడుగుకు 99 శాతమన్నా, వంద అడుగులకు తేలేది మళ్లీ అంతే, 37 శాతం లోపే. మధ్యలో తప్పును పట్టుకుని దిద్దే ఏర్పాటు ఉంటే ఈ లెక్క మారుతుంది. ఆ ఏర్పాటుకే బడ్జెట్ ఉండదు.

పైగా ఆ మిగిలిన 5 శాతం ఎక్కడ పడిందనేది అసలు ప్రశ్న. ఫాంట్ మారడమూ తప్పే, డేటాబేస్ తుడిచేయడమూ తప్పే. 2025 జులైలో రెప్లిట్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల కోడింగ్ ఏజెంట్, కోడ్ ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పిన సమయంలోనే, ఒక వాడుకదారుకు చెందిన, వాడుకలో ఉన్న డేటాబేస్‌ను చెరిపేసింది. ఆ పైన, దాన్ని వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది. తీరా చూస్తే కుదిరింది. అంటే చెరిపేశాక ఇచ్చిన సంజాయిషీ కూడా తప్పే.

అపోహ: తప్పు చూపిస్తే నేర్చుకుంటుంది.

వాస్తవం: మీతో మాట్లాడుతున్నంతసేపూ మోడల్ లోపలి లెక్కల్లో ఏమీ మారదు. ఆ సంభాషణలో ఉన్న మాటలు దాని ముందుంటాయి, అంతే. మెమరీ ఫీచర్ ఉంటే మీ గురించి రెండు ముక్కలు రాసిపెట్టుకుని తర్వాత మళ్లీ చదువుకుంటుంది. రాసుకుని చూసుకోవడాన్ని నేర్చుకోవడం అనలేం.

నేను పెట్టే పరీక్షల్లో చాలా తేలికైనది ఒకటుంది. మీరూ చేసి చూడొచ్చు. బాట్ సరైన జవాబు చెప్పాక, ఏ కారణమూ చూపకుండా "నాకలా అనిపించడం లేదే" అనండి. చాలాసార్లు ఇలా నడుస్తుంది:

"క్షమించండి, మీరు చెప్పింది నిజమే. సరైన జవాబు ఇది."
"కాదేమో, ముందు చెప్పిందే కరెక్టనుకుంటా."
"అవును, బాగా గమనించారు! మొదటిదే సరైనది."

మనుషుల మెప్పును బట్టి శిక్షణ ఇచ్చినందుకు అబ్బిన గుణమిది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ, చాట్‌జీపీటీ వెనకున్న జీపీటీ-4ఓ మోడల్ అప్‌డేట్ ఒకదాన్ని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కారణం, అది ప్రతిదానికీ మరీ భజన చేస్తోందని. మనం కూడా తక్కువ తినలేదు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా అనే తొలితరం చాట్‌బాట్ చేసేది, ఎదుటివాళ్ల మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడుకోవాలి, మీరు గది బయటికి వెళ్లండి అన్నారట.

అపోహ: "ఏఐ ఆధారితం" అని రాసి ఉంటే లోపల ఏఐ ఉన్నట్టే.

వాస్తవం: 1770లో తయారై, చదరంగం ఆడే యంత్రమని తర్వాత యూరప్ అంతా తిప్పిన పెట్టెలో మనిషి దాక్కుని ఉండేవాడు. 2024 మార్చిలో అమెరికాలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెక్యూరిటీస్ కమిషన్ రెండు పెట్టుబడి సలహా సంస్థలకు మొత్తం 4 లక్షల డాలర్ల పెనాల్టీ వేసింది. లేని ఏఐని ఉందని చెప్పుకున్నందుకు. ఇంతకంటే చెప్పేందుకు ఏమీ లేదు.

అపోహ: చివర్లో మనిషి చూస్తాడు కాబట్టి టెన్షన్ లేదు.

వాస్తవం: నాకు అన్నింటికన్నా భయం వేసేది ఈ మాటకే, ఎందుకంటే వినడానికి ఇదే అన్నింటికన్నా బాధ్యతగా ఉంటుంది. వరసగా ముప్పై జవాబులు సరిగ్గా వచ్చాక ముప్పై ఒకటోదాన్ని ఎవరూ చదవరు. కళ్లు దాని మీద తిరుగుతాయి, వేలు "అప్రూవ్" మీద పడుతుంది. పరిశీలించే వ్యక్తికి గంటకు ఇన్ని ఫైళ్లని టార్గెట్ పెడితే ఇక చెప్పేదేముంది. ఆ మనిషి అక్కడున్నది తప్పు పట్టడానికి కాదు, తప్పు బయటపడ్డాక చూపించడానికి.

2025 మేలో షికాగో సన్-టైమ్స్ పత్రికతో పాటు వచ్చిన, ఏఐతో రాయించిన వేసవి పుస్తకాల జాబితాలో 15 పేర్లున్నాయి. వాటిలో నిజంగా ఉన్నవి 5. మిగతావి పేరున్న రచయితలు ఎన్నడూ రాయని పుస్తకాలు, కథాంశాలతో సహా. అది పాఠకుల చేతికి చేరేదాకా ఒక్కరూ ఆపలేదు.

సరిచూసే పని మన నెత్తిన పడ్డాక, మిగిలిందనుకున్న టైం నిజంగా మిగులుతోందా? మీటర్ అనే సంస్థ 2025లో అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించి కొలిచింది. ఏఐ వల్ల 24 శాతం టైం కలిసొస్తుందని వాళ్లు ముందు అంచనా వేశారు. పనయ్యాక, 20 శాతం కలిసొచ్చిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. వాళ్లు ఏళ్ల తరబడి తమ చేతుల్లో ఉన్న కోడ్ మీద పనిచేశారు కాబట్టి, ఇదే అందరికీ వర్తిస్తుందని నేననను. కానీ నెమ్మదించిన మనిషికి తాను పరుగెత్తుతున్నట్టు అనిపించడం మాత్రం గుర్తు పెట్టుకోవాలి. "మా టీమ్‌లో అందరూ స్పీడయ్యామంటున్నారు" అని ఎవరైనా చెప్పినప్పుడు నేను అడిగేది ఒకటే, కొలిచారా అని.

అపోహ: బాట్ చెప్పినదానికి కంపెనీకి సంబంధం లేదు.

వాస్తవం: ఎయిర్ కెనడా ఈ వాదన చేసి చూసింది. దగ్గరి బంధువు పోయిన ఒక ప్రయాణికుడికి, టికెట్ కొన్నాక కూడా అలాంటివాళ్లకిచ్చే రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చని దాని చాట్‌బాట్ చెప్పింది. అసలు నిబంధన అందుకు విరుద్ధం. కంపెనీ వాదన చూస్తే, బాట్ ఒక వేరే వ్యక్తి, దాని చేతలకు అదే బాధ్యురాలు అన్నట్టుందని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆశ్చర్యపోయింది. ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. లాభం వచ్చినప్పుడు "మా ఏఐ", కేసు పడినప్పుడు "ఆ ఏఐ".

అపోహ: ఇంకో రెండేళ్లు ఆగండి, అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పది మంది రెండు నెలలు కూర్చుంటే చెప్పుకోదగ్గ ముందడుగు పడుతుందని, ఏఐ పరిశోధనకు నాంది పలికిన 1956 డార్ట్‌మత్ సమావేశం కోసం రాసుకున్నారు. మనిషి చేసే ఏ పనైనా ఇరవై ఏళ్లలో యంత్రాలు చేస్తాయని తొలితరం ఏఐ పరిశోధకుడు హెర్బర్ట్ సైమన్ 1965లో అన్నారు. ఎక్స్‌రేలు, స్కానింగులు చూసి చెప్పే డాక్టర్లకు, అంటే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయొచ్చని, ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రాలే మెరుగవుతాయని 2016లో ప్రముఖ ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ చెప్పారు. ఆ ఐదేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. రేడియాలజిస్టులు చాలడం లేదని ఆస్పత్రులు ఇంకా మొత్తుకుంటూనే ఉన్నాయి. వీళ్లెవరూ మోసగాళ్లు కారు, దిగ్గజాలు. మోడళ్లు మెరుగవుతున్న మాటా నిజమే. కాకపోతే ఫలానా తేదీకల్లా అని చెప్పేవాళ్లు సాధారణంగా ఆ తేదీలోపే పెట్టుబడి అడుగుతుంటారు.

అపోహ: అయితే ఇదంతా బూటకం, దేనికీ పనికిరాదు.

వాస్తవం: ఇదీ తప్పే. ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసినవాళ్లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. అది చెప్పిన ఆకారాన్ని ప్రయోగశాలలో సరిచూడొచ్చు, ఏ భాగంలో తనకు ఎంత నమ్మకముందో అదే అంకెల్లో చూపిస్తుంది కూడా. నేనూ రోజూ ఏఐని వాడతాను. టెస్ట్ డేటా తయారుచేయడానికి, పొడుగాటి లాగ్ ఫైళ్లలో తేడా వెతకడానికి, మొదటి డ్రాఫ్ట్ రాయించడానికి. తప్పయితే వెంటనే తెలిసిపోయే పనులకూ, సరిచూడటం చేయడం కన్నా తేలికైన పనులకూ ఇది బాగా పనికొస్తుంది. మందు మోతాదు, కోర్టు కాగితం, చెల్లింపులు లాంటివి ఆ జాబితాలో లేవు.

ఎవరైనా మీకు ఏఐ అమ్మడానికి వస్తే ఇవి అడగండి. ఇది తప్పు చెప్పిందని మాకెలా తెలుస్తుంది? తెలిసేలోపు ఎంత నష్టం జరగొచ్చు? చేసిన పనిని వెనక్కి తీసుకోవచ్చా? ఆ నష్టం ఎవరిదో కాంట్రాక్టులో రాసిస్తారా? డెమోలో మీ ప్రశ్నలు కాకుండా మేం తెచ్చుకున్నవి అడగనిస్తారా? మొదటి మూడింటికి స్లైడ్లు చూపిస్తారు. నాలుగోది లీగల్ టీమ్‌ను అడగాలంటారు. ఐదోదానికి, ఈరోజు నెట్‌వర్క్ కాస్త స్లోగా ఉందంటారు.