నోమార్ మణికట్టు

చిరంజీవి నందూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

నందూ, మొన్న ఫోన్లో మంచి ప్రశ్న అడిగావు. "బోస్టన్‌లో మీరంతా నోమార్, నోమార్ అంటారు కదా తాతయ్యా, మరి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరెందుకు లేదు?" అని. ఫోన్లో మొదలుపెడితే సగంలో మీ అమ్మ హోంవర్క్ గుర్తు చేస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే గొప్ప బేస్‌బాల్ ఆటగాళ్ళ కోసం కూపర్స్‌టౌన్‌లో ఉన్న గౌరవ మందిరం. దానికి బేస్‌బాల్ విలేకరులు ఓట్లేస్తారు. నూటికి 75 రావాలి. 5 శాతం కూడా రాకపోతే మరుసటి ఏడు జాబితాలో పేరే ఉండదు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకి ఆడిన నోమార్ గార్సియాపారాకి 2015లో 5.5 శాతం వచ్చింది, 2016లో 1.8. కథ అక్కడితో ముగిసింది. ఓటు వేయనివాళ్ళని నేను తప్పు పట్టను, వాళ్ళు కెరీర్ మొత్తం మీద కూడిక చూస్తారు. ఆయన కూడిక 1,747 హిట్ల దగ్గర ఆగింది. అదే కాలంలో న్యూయార్క్‌లో ఆయనలాగే షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ స్థానం, కింద చెబుతాను) ఆడిన డెరెక్ జీటర్‌కి 3,465. అంటే ఇంచుమించు సగం. కానీ 2000 సంవత్సరం చివర్లో "వీళ్ళలో ఎవరు గొప్ప?" అని అడిగి ఉంటే బోస్టన్‌లోనే కాదు, బయట కూడా చాలామంది నోమార్ పేరే చెప్పేవాళ్ళు. అప్పటికి ఆయన సగటు .333.

అమ్ములూ, నీకు సగటు అంటే తెలియదేమో. లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి ప్రయత్నాల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నది, అంటే బంతి కొట్టి ఔటవకుండా బేస్ (పరుగెత్తి చేరాల్సిన మజిలీ) చేరాడన్నది. 333 అయితే .333 అని రాస్తారు. 300 దాటితే మంచి బ్యాటర్ అంటారు. మిగతా 700 సార్లు ఔటైనా సరే! క్రికెట్ అలవాటైన మాలాంటివాళ్ళకి ఇది జీర్ణం కావడానికి కొంత కాలం పట్టింది.

షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. కుడిచేతి బ్యాటర్లు బలంగా లాగి కొట్టే బంతులు ఎక్కువగా అటే వస్తాయి. బ్యాటర్ 90 అడుగులు పరుగెత్తి మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్లు, ఇంకాస్త. ఆలోపు షార్ట్‌స్టాప్ పక్కకి పరుగెత్తి, నేల మీద ఎగిరెగిరి వచ్చే బంతిని అందుకుని, గ్లవ్‌లోంచి తీసి, మైదానం అడ్డంగా విసరాలి. మన క్రికెట్‌లో పాయింట్ ఫీల్డర్ ఓవర్‌కి రెండు రనౌట్లు చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి. చాలామంది ఆగి, కాళ్ళు నిలదొక్కుకుని విసురుతారు. నోమార్ ఆగేవాడు కాదు. పరుగులోనే, ఒళ్ళు ఇంకా ఎడమవైపో కుడివైపో పోతుండగానే, చెయ్యి పక్కనుంచి తిప్పి విసిరేవాడు. కొన్నిసార్లు బంతి మొదటి బేస్ దాటి ప్రేక్షకుల్లోకి పోయేది కూడా. అయినా చూడాలనిపించే ఆట అది.

బ్యాటింగ్‌కి వచ్చాడంటే ఇంకో తంతు. ప్రతి బంతికీ ముందు కుడి గ్లవ్ పట్టీ లాగడం, ఎడమ గ్లవ్ పట్టీ లాగడం, మళ్ళీ కుడిది, మళ్ళీ ఎడమది. తర్వాత బూటు ముందుభాగాన్ని నేలకి తాటించడం, ఈ కాలు ఆ కాలు మార్చి మార్చి. బంతి వదిలేసినా సరే, మళ్ళీ మొదటినుంచీ. ఆ రోజుల్లో మా వీధిలో పిల్లలంతా ప్లాస్టిక్ బ్యాటు పట్టుకుని ఇదే చేసేవాళ్ళు. బంతి ఎప్పుడు వేస్తార్రా అని పెద్దవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

1997 ఆయన మొదటి పూర్తి సీజన్. 209 హిట్లు, 30 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), వరసగా 30 ఆటల్లో హిట్. అమెరికన్ లీగ్‌లో (పెద్ద బేస్‌బాల్ జట్ల రెండు విభాగాల్లో ఒకటి) ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా ఏకగ్రీవంగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడు 35 హోమ్ రన్లు. 1999 మేలో సియాటిల్‌తో ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు, అందులో రెండు గ్రాండ్ శ్లామ్‌లు. అంటే మూడు బేసుల్లోనూ మనుషులుండగా కొట్టినవి.

అసలు సంగతి ఆ ఏడు సెప్టెంబర్ చివర్లో జరిగింది. బాల్టిమోర్ పిచర్ (బంతి వేసేవాడు) ఆల్ రేయెస్ వేసిన బంతి నోమార్ కుడి మణికట్టుకి తగిలింది. బ్యాటర్‌కి బంతి తగలడం ఈ ఆటలో మామూలే, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ సీజన్ .357 సగటుతో లీగ్‌లో మొదటి స్థానంలో ముగించాడు. అక్టోబర్‌లో నాకౌట్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్‌తో చివరి ఆట. అవతలి జట్టు ఆయనకి ఎంత భయపడిందంటే, రెండుసార్లు కావాలనే బంతులు దూరంగా వేసి, కొట్టే వీలివ్వకుండా మొదటి బేస్‌కి నడిపించేశారు. రెండుసార్లూ తర్వాత వచ్చిన ట్రాయ్ ఓలియరీ హోమ్ రన్ కొట్టాడు! ఒకటి గ్రాండ్ శ్లామ్. బోస్టన్ 12-8తో గెలిచింది.

2000లో 529 ప్రయత్నాల్లో 197 హిట్లు, .372. రెండేళ్ళు వరసగా అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన కుడిచేతి బ్యాటర్, 1939-40లో జో డిమాజియో తర్వాత ఈయనే. బంతి తగిలిన తర్వాతి సీజన్ ఇది, చూడండి. అంకె చూస్తే దెబ్బ తిన్న చెయ్యని ఎవరూ అనుకోరు.

2001 సీజన్‌కి ముందు శిక్షణలో మణికట్టు మళ్ళీ తిరగబెట్టింది. చూస్తే కండని ఎముకకి కలిపి ఉంచే టెండన్ నిలువునా చీలి ఉంది. ఏప్రిల్‌లో ఆపరేషన్ చేశారు. బ్యాటు ఊపేటప్పుడు కుడిచేతివాటం వాడికి కుడిచెయ్యి పైన ఉంటుంది, చివర్లో బ్యాటుని తిప్పి నెట్టేది ఆ మణికట్టే. జూలై 29న తిరిగొచ్చాడు. వచ్చిన రోజే ఒక హోమ్ రన్, తర్వాత జట్టుని ముందుకి తెచ్చిన ఇంకో హిట్. రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్వే పార్క్ దద్దరిల్లింది. కానీ ఆ ఏడు మొత్తం ఆడింది 21 ఆటలే. తర్వాతి రెండేళ్ళూ బాగానే ఆడాడు, 2002లో 56 డబుల్స్ (ఒకే దెబ్బకి రెండో బేస్ చేర్చే హిట్లు) కొట్టాడు. కాకపోతే .372 స్థాయి మళ్ళీ రాలేదు.

2004లో మడమ. శిక్షణలో బంతి తగిలి వెనక టెండన్ దెబ్బతింది, జూన్‌దాకా ఆడలేదు. జూలై 1న న్యూయార్క్‌తో ఆటలో జీటర్ ఒక క్యాచ్ పట్టి ఆ ఊపులో ప్రేక్షకుల మీద పడి, ముఖం చిట్లి రక్తంతో లేచాడు. ఆ రోజు నోమార్ ఆడకుండా బెంచీ మీద కూర్చున్నాడు. టీవీలో ఇద్దర్నీ చూసి జనం వెంటనే పోల్చేశారు. నాకది అన్యాయమనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ముఖం మీద రక్తం అందరికీ కనిపిస్తుంది, మడమ నొప్పి ఎవరికి కనిపిస్తుంది?

ఆ నెల 31న ఆయన్ని షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. అక్టోబర్‌లో రెడ్ సాక్స్ ఏటి ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది, 1918 తర్వాత మొదటిసారి. ఆయన్ని మార్చడం జట్టుకి మంచే చేసిందని ఒప్పుకోవాలి. వచ్చిన ఒర్లాండో కాబ్రెరా నిలకడగా ఫీల్డింగ్ చేశాడు. గెలుపు ఉంగరం నోమార్‌కీ ఇచ్చారు.

షికాగో జట్టులో ఉండగా 2005 ఏప్రిల్‌లో బంతి కొట్టి పరుగు మొదలుపెడుతూనే కూలిపోయాడు. ఈసారి గజ్జలో టెండన్ తెగింది. ఇక షార్ట్‌స్టాప్ కష్టమే. 2006లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్ళి మొదటి బేస్ దగ్గర నిలబడ్డాడు, .303 సగటు, 20 హోమ్ రన్లు. సెప్టెంబర్ 18న శాన్ డియేగోతో ఆట వీలైతే చూడండి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ వరసగా నాలుగు హోమ్ రన్లతో స్కోరు సమం చేశారు. పదో ఇన్నింగ్స్‌లో శాన్ డియేగో ఒక పరుగు ముందుకెళితే, నోమార్ రెండు పరుగుల హోమ్ రన్‌తో డాడ్జర్స్ 11-10తో గెలిచారు.

2009లో ఓక్లాండ్ ఆటగాడిగా ఫెన్వేకి వచ్చినప్పుడు జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. 2010 మార్చిలో రెడ్ సాక్స్‌తో ఒక్కరోజు కాంట్రాక్టు రాసుకుని రిటైరయ్యాడు. ఆడటానికి కాదు, రెడ్ సాక్స్ ఆటగాడిగా ముగించడానికి. కూపర్స్‌టౌన్‌లో లేడు గానీ, రెడ్ సాక్స్ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2014 నుంచీ ఉన్నాడు.

అమ్ములూ, నువ్వడిగిన గ్లవ్ సంగతి: షార్ట్‌స్టాప్‌కి చిన్నదే మేలు, బంతి లోపల ఇరుక్కోకుండా త్వరగా తీయొచ్చు. మీ నాన్నని కొలత పంపమను, కొంటాను. నందూ, మణికట్టు ఇంకా వాచి ఉంటే ఈ శనివారం ఆట మానెయ్, కోచ్‌కి నేను చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య